మా బాపుకు జామీను

మా బాపు జీవితంలో రాసిన చెక్కులు రెండే రెండు. రెండూ తిరిగొచ్చాయి.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నా నర్సింగు ఫీజు కోసం పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉన్న స్నేహితుడి దగ్గర అప్పు తీసుకున్నాడు. నేను పుట్టకముందు నుంచీ స్నేహం వాళ్లది. ఆయన్ని నేను చాచా అని పిలిచేదాన్ని. రిటైర్మెంటు డబ్బులు పడగానే వేసుకొమ్మని బాపు ఆయనకు ఆ చెక్కులు రాసిచ్చాడు. ఆ డబ్బులు ఎంతకీ పడలేదు. చాచా ఇచ్చింది దుకాణం డబ్బు. దుకాణమేమో ఆయన ఒక్కడిది కాదు, అన్నదమ్ముల ఉమ్మడిది. వాళ్ల పెద్దన్న లెక్క అడిగాడు. చెక్కులు బ్యాంకుకు వెళ్లాయి, ఖాతాలో డబ్బు లేదని వెనక్కొచ్చాయి.

ముందు వకీలు నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో కట్టమన్నారు. పదిహేను రోజులిస్తే మా ఇంట్లో డబ్బులు మొలుస్తాయా? కట్టలేకపోయాం, కోర్టు నుంచి సమన్లొచ్చాయి. గౌలిపురలో మా గల్లీలోనే ఉండే వకీలు బాపుకు విడమరిచి చెప్పాడు.

"అప్పు కట్టకుంటే సివిల్ లొల్లి, పెద్దాయనా. చెక్కు తిరిగొచ్చిందంటే క్రిమినల్. రెండేండ్ల దాక జైలు పడొచ్చు. చెక్కు మీదున్నదానికి రెండింతల దాక జుర్మానా ఎయ్యొచ్చు."

ఆ రాత్రి నుంచి బాపు కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూనే ఉండేవాడు. తినేవాడు కాదు. నాకు చాచా మీద ఒళ్లు మండిపోయింది. నా చదువు వల్లే ఇదంతా అన్న బాధ కూడా కోపమై ఆయన మీదికే పోయింది. ఎదురుపడితే మొహం తిప్పుకునేదాన్ని.

"మనింట్ల తిన్నోడే మన మీద కేసేసిండు," అన్నాను ఒకసారి అమ్మతో.

బాపు విన్నాడు. "ఆయన్నేమనకు బిడ్డా. పైసలు తీసుకున్నది నేను."

కోర్టుకు హాజరైన రోజు బెయిలుకు జామీను కావాలన్నారు. సొంతిల్లు ఉన్నవాళ్లు పన్ను రసీదు పట్టుకొచ్చి, ఈ మనిషి వాయిదాలకు వస్తాడని పూచీ పడాలి. మా మేనమామ తానుంటానన్నాడు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవరు దాటానని పొద్దున ఒకసారి ఫోన్లో చెప్పాడు. తర్వాత ఫోనే ఆపేశాడు. సాయంత్రంలోపు జామీను దొరక్కపోతే బాపును లోపలికి పంపినా పంపొచ్చని మా వకీలు మెల్లగా చెప్పాడు. బాపు బెంచీ మీద ముడుచుకుని కూర్చున్నాడు. ఆయన అంత చిన్నగా కనబడటం నేనెప్పుడూ చూడలేదు.

వరండా ఆ చివర తన వకీలుతో నిలబడ్డ చాచా మా దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది బేటా?"

నేను మొహం తిప్పుకున్నాను. మా వకీలే చెప్పాడు. చాచా మెట్లు దిగి, స్కూటరు తీసి వెళ్లిపోయాడు. నిప్పు పెట్టి పొగకు భయపడ్డట్టుందని తిట్టుకున్నాను.

మధ్యాహ్నం తిరిగొచ్చాడు, చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి. చేతిలో తన ఇంటి పన్ను రసీదు ఉంది. సంగతి వినగానే ఆయన వకీలు నెత్తి పట్టుకున్నాడు. లోపల జడ్జమ్మ కళ్లజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఫిర్యాదు చేసింది మీరే కదా? రేపు ఈయన పారిపోతే?"

"పారిపోతే మునిగేది నేనే మేడం. పైసలు గూడ నావే, జామీను గూడ నాదే."

కోర్టంతా నవ్వింది. ఆమె కూడా నవ్వు ఆపుకుంటూ సంతకం చేసింది. రాజీకి రావచ్చు కదా అని ఇద్దరికీ చెప్పింది.

రాజీ కుదిరింది. నా జీతంలోంచి నెలనెలా కట్టాం, కేసు కొట్టేశారు. అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం బయటికొస్తూ బాపు మెట్ల మధ్యలో ఆగిపోయాడు.

"కేసేసింది నువ్వే, జామీనున్నది నువ్వే. ఏంది భాయ్ ఇది?"

"కేసు దుకాణంది అన్నా," అన్నాడు చాచా. "జామీను నాది."

బాపు అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. నోటీసు వచ్చిన రోజు కూడా ఏడవని మనిషి. చాచా జేబురుమాలు తీసి, ఆయనకివ్వకుండా నా చేతిలో పెట్టాడు.

"నువ్వియ్యి బేటా. నేనిస్తే ఇంకా ఏడుస్తడు."