నాలుగుతోనే మొదలయ్యే జబ్బు

నా చిన్నప్పుడు జమ్మలమడుగు వైపు మగవాళ్లు తువ్వాలను భుజాన వేసుకునేవారు. మా మామ ఒక్కడే ఆ ఏడు దాన్ని మెడకు చుట్టుకుని తిరిగాడు, గొంతు మీద లేచిన గడ్డ ఎవరికీ కనపడకూడదని. ఊరు రెండు పార్టీలుగా చీలి, మిద్దెల మీద రాళ్లు పోగేసుకున్న కాలం అది. మా పార్టీకి ముందు నిలబడేది మామే. "నాకు బాగలేదని తెలిస్తే వాళ్లు పొట్టేలు కోసుకుంటారు రా," అని నవ్వేవాడు. పెద్దాసుపత్రి ఉన్న ప్రొద్దుటూరుకు బస్సు ఆ పార్టీవాళ్ల వీధి మీదుగానే పోవాలి. అందుకని అత్త ఇంట్లోనే ఆకు నూరి పట్టు వేస్తూ వచ్చింది.

వారాల్లోనే గడ్డ నిమ్మకాయంత అయింది. గొంతు బొంగురుపోయింది. మెతుకు దిగని రోజు మామను కాపలా మనుషులు నిండిన జీపులో ప్రొద్దుటూరు తీసుకుపోయారు. అక్కడ గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు అత్తకు తోడుగా నేను పోయాను. థైరాయిడ్ క్యాన్సర్ అనీ, నాలుగో స్టేజీ అనీ చెప్పాడు డాక్టరు.

నాలుగంటే ఒకటి, రెండు, మూడు దాటినట్టే కదా. అవి అత్త ఆకు నూరుతున్నప్పుడే దాటిపోయాయనుకున్నాను.

"నువ్వే చంపుతాండావు మా మామను! ఒగటో స్టేజీలోనే పిల్చకరాకుండా ఏం చేస్తాంటివి?" అని అక్కడే అరిచాను.

అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరు లేచి, కూజాలోంచి తానే నీళ్లు వంచి ఆమెకిచ్చి, తాగేదాకా ఆగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, మీ ఊర్లో గొడవలు ఎట్ల మొదలైతాయి?"

"గట్టు కాడ తిట్టుకుంటారు. ఆమీట కట్టెలు. ఆమీట బాంబులు."

"తిట్లు లేకుండా బాంబుతోనే మొదలైంది చూసినావా?"

చూశానని తలూపాను.

"ఇదీ అంతే. థైరాయిడ్‌కు వచ్చే క్యాన్సర్లు శానామటుకు మెల్లగా పెరుగుతాయి, వాటికి ఒకటీ రెండూ ఉంటాయి. మీ మామది దూకుడుది. గ్రంథి దాటకున్నా నాలుగే, మెడలోకి పాకినా నాలుగే, ఊపిరితిత్తుల్లోకి పోయినా నాలుగే. మీ అత్త పోగొట్టిన ఒకటో స్టేజీ దీంట్లో లేనే లేదు."

"నిజమేనా సార్?" అని అత్త మళ్లీ మళ్లీ అడిగింది.

ఆ ఏడు శనగ కోతలకు మామ లేడు.

పెద్దయ్యాక ఇంకొంత తెలిసింది. ఇప్పటి డాక్టర్లు ఆ నాలుగునే ఎ, బి, సి అని విడదీస్తారు. గ్రంథిలోనే ఉంటే ఎ, గ్రంథి దాటి మెడలోకి పాకితే బి, దూరపు అవయవాలకు చేరితే సి. ఎ దగ్గరే దొరికితే ఆపరేషన్‌కు కొంత వీలుంటుంది. అంటే ముందే పోయి ఉంటే కొన్నాళ్లు కలిసొచ్చేవేమో. ఆ డాక్టరు అబద్ధమాడలేదు, ఆ గదిలో అత్త మోయగలిగినంతే చెప్పాడు. ఆలస్యమైందంటే అది ఆమె వల్ల కాదు. మామకు ఆసుపత్రి దారి లేకుండా చేసిన రెండు పార్టీల వల్ల, జబ్బు దాచిన ఆ తువ్వాలును పౌరుషమనుకుని మురిసిపోయిన నాలాంటి వాళ్ల వల్ల.

నన్ను క్షమించమని అత్తను నేను ఎన్నడూ అడగలేకపోయాను. ఆమె మాత్రం నేనెప్పుడు పోయినా, "తిన్నావా?" అనే పలకరించేది.

ఇప్పుడు ఎవరైనా ఆసుపత్రి రిపోర్టులు పట్టుకుని, చదివి చెప్పమని మా ఇంటికి వస్తే, ముందు వాటిని మోసుకొచ్చిన మనిషికి చెంబుతో నీళ్లిస్తాను. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని మాత్రం అడగను.