చెంబు ఎత్తలేని చెయ్యి

“ఒకరోజు ఆమె చేతుల్నుంచి పాప జారిపడతది పరమేశ్. నాకు భయమైతుంది.”

నా భర్త నవ్వేశాడు. “చిన్నప్పుడు నాకు గూడ ఆమెనే తానం చేయించింది. పడేసిందా?”

“నీ తెలివి చూస్తే డౌటే.”

ఆమె అంటే జ్ఞానమ్మ. మెదక్‌లో చర్చి వెనక వీధిలో ఉంటుంది. యాభై ఎనిమిదేళ్లు. పసిపిల్లలకు నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు పోయడం ముప్పై అయిదేళ్లుగా ఆమె పని. మా పాపకు పదకొండో రోజు నుంచి ఆమే పోస్తోంది. నేను బయోకెమిస్ట్రీ చదివినదాన్ని. అయినా రోజూ ఆ అరగంట సేపు గుమ్మం పట్టుకుని నిలబడేదాన్ని.

మొదట గమనించింది చెంబు ఎత్తు. కొత్తలో తల దాకా ఎత్తి సన్నటి ధారగా పోసేది. నెల తిరిగేసరికి చెంబు ఛాతీ దాటలేదు. ఆ తర్వాత మోచేతిని పక్కటెముకలకు అదుముకుని, మణికట్టు ఒక్కటే తిప్పి ఒంపడం మొదలుపెట్టింది. కొంగు సర్దుకోవాలన్నా, ముడి వేసుకోవాలన్నా ఎడమచెయ్యే. అడిగితే, “ఏం లేదు బిడ్డా, చలికి పట్టేసింది” అనేది. అప్పుడు ఏప్రిల్ నెల.

ఆ రోజు జ్ఞానమ్మ షాబాదు బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒంటినిండా నూనెతో పాప ఆమె కాళ్ల మీద ఉంది. కాస్త దూరం జరిగిన బక్కెట్ కోసం ఆమె కుడిచెయ్యి చటుక్కున చాపింది.

“యేసయ్యా!”

చెంబు బండ మీద పడి ఖంగుమంది. పాప గుక్కపట్టింది. నేను ఒక్క ఉరుకున వెళ్లి పాపను లాక్కుని లేచాను. తడిబండ మీద నా కాలు జారింది. నూనె ఒళ్లు నా వేళ్ల మధ్య నుంచి సర్రున జారిపోవడం తెలుస్తూనే ఉంది. ఎంత బిగించినా పట్టు దొరకలేదు.

జ్ఞానమ్మ ఎడమచెయ్యి పాప మెడ కిందికి వచ్చింది. పాప మళ్లీ ఆమె కాళ్ల మీదే ఉంది.

నేను గోడకు చేరగిలబడ్డాను. నెల రోజులుగా నేను భయపడింది ఆమె చేతుల గురించి. పాప జారింది నా చేతుల్లోంచి.

ఆమె కోప్పడలేదు. “కూసో” అంది. కూర్చున్నాక, ఏనాటి నుంచి నొప్పి అని అడిగాను.

“క్రిస్మస్ కాడికెంచి. ఆ పక్కకు తిరిగి పండుకోరాదు. ఇంట్ల ఉన్నంతసేపు పాత చీర పేలికతోని చెయ్యి ఒంటికి కట్టేస్తున్న. కదలకుంటే తగ్గుతదనుకున్న. ఇంక బిగుసుకపోయింది. చర్చిల చేతులెత్తుండ్రి అంటే నాది ఒక్కటే లేస్తుంది. నేనేదో ప్రశ్న అడుగుతున్ననుకున్నడు పాస్టరయ్య.”

“మాకు ఎందుకు చెప్పలే?”

“చెప్తే ఎవరు పిలుస్తరు బిడ్డా? చెయ్యి రాని ముసల్దాని కాళ్ల మీద ఎవరేస్తరు పిల్లల్ని?”

ఆ ఉదయమే ఆమెను మాన్పించేద్దామని పరమేశ్‌తో అన్నాను.

మర్నాడు ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాను. ఎముక బాగానే ఉంది. భుజం కీలు చుట్టూ ఉండే పలచటి సంచి మందమై, ముడుచుకుని, అతుక్కుపోయింది. ఫ్రోజెన్ షోల్డర్. రక్తపరీక్షలో షుగర్ బయటపడింది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందన్నారు. ఏడాది పట్టవచ్చు, రెండేళ్లూ పట్టవచ్చు. చేతిని కట్టేయకూడదు, ఎవరితోనూ గట్టిగా లాగించుకోకూడదు. వేడి కాపడం పెట్టి, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకే రోజూ కదపాలి.

“రెండేండ్లా? అప్పటికి నీ బిడ్డ నా చెయ్యి పట్టుకొని నడిపిస్తది” అని నవ్వింది దారిలో. ఆ నవ్వు ఇంటి దాకా నిలవలేదు.

పని మానలేదు. పద్ధతి మార్చాం. “పట్టుడు నాది, పోసుడు నీది” అంది. ఆమె కాళ్ల మీద పాప, మెడ కింద ఆమె ఎడమచెయ్యి, నా చేతిలో చెంబు. నీళ్లు పోయడం అయ్యాక ఆమె ముందుకు వంగి కుడిచేతిని గోడ గడియారం లోలకంలా ఊపేది. తర్వాత గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకేది. వేళ్లు ఆగిన చోట నేను పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసేదాన్ని. జూన్‌లో మూడు వారాలు గీత మీదనే గీత పడింది. ఆ రోజుల్లో ఆమె గీత వైపు చూడకుండానే వెళ్లిపోయేది. చెయ్యి ఇక రాదేమోనని ఆమెకూ భయమేనని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు పాప నడుస్తోంది. గీతలు జ్ఞానమ్మ నుదుటిని దాటాయి, తల దాటలేదు. చెంబు సగం నింపితే తనే ఎత్తుతుంది. నేను ఇప్పటికీ గుమ్మం దగ్గరే ఉంటాను.

పోయిన వారం పాపకు జ్వరం నూట మూడు చూపించింది. ఇంట్లో నేనొక్కదాన్నే. పాపను ఎత్తుకుని మెట్ల వైపు ఉరకబోయాను. ఆగాను. ఉన్నచోటే నేల మీద చతికిలబడి, పాపను ఒళ్లో పెట్టుకుని, అప్పుడు పరమేశ్‌కు ఫోన్ చేశాను. ఆ రోజు తడిబండ మీద జ్ఞానమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పిన మాట అదే:

“భయమైనప్పుడు పిల్లతోని నిలబడకు బిడ్డా. ముందుగాల కింద కూసో. ఏం జేయాల్నో కూసున్నంక చూసుకో.”