అడుగు లేని పడవ

మాది కోవూరు, వరి పండించే ఇల్లు. పడవ గురించి నాకు తెలిసిందల్లా అది నీళ్లమీద తేలుతుందని. అయినా లాప్‌టాప్ చంకన పెట్టుకుని మైపాడులో ఫైబరు పడవలు కట్టే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. కొత్త పడవను ముందు తెరమీద చేసి చూపిస్తానని, నచ్చితే దాన్నిబట్టే పడవకు చెక్క అచ్చు చేయించమని ఒప్పించాను. ఉద్యోగం మానేశాక నాకు సొంతంగా దొరికిన మొదటి పని అది. పోతే మళ్లీ చెన్నైలో ఎవరి కిందో కూర్చోవాల్సిందే.

తెరమీద పడవంటే వేల చిన్న త్రికోణాలు అతికించిన డొల్ల. తిప్పిన ప్రతిసారీ ఏ త్రికోణం ముందుంది, ఏది దాని వెనక దాక్కుంది అని కంప్యూటరు లెక్కేసుకుని మొత్తం మళ్లీ గీయాలి. అదీ రెప్ప వేసేలోగా! నా పాత లాప్‌టాప్‌కి అంత సత్తువ ఎక్కడిది? ఫ్యాను రైసుమిల్లులా మోగేది, పడవ ఎక్కిళ్లు పెడుతూ తిరిగేది. పరువు పోతుందని భయపడి త్రికోణాలు తగ్గించాను. పక్కలు, అంచులు, కూర్చునే పలకలు ఉంచి అడుగు మొత్తం తీసిపారేశాను. మా ఇంట్లో గాదె అడుగు ఎవరు చూశారు కనక! పడవ గిర్రున తిరిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

షెడ్డుకి తీసుకెళ్లి చూపిస్తే మేస్త్రి చేతులు లుంగీకి తుడుచుకుని మౌసు అందుకున్నాడు. పక్కలు చూడలేదు, ముక్కు చూడలేదు. నేరుగా బోర్లా తిప్పాడు. అడుగు ఉండాల్సిన చోట పెద్ద బొక్క, అందులోంచి కూర్చునే పలకలు.

“ఏంది అబ్బయ్యా, అడుగు యాడ బోయింది?”

“కిందుండేదే గదన్నా, ఎవురు జూస్తారని తీసేసినా.”

షెడ్డంతా ఒకటే నవ్వు.

“మేం మొదట జూసేది దాన్నే. బోర్లేసి అరచేత్తో తడమకుండా ఎవుడూ బేరం గూడా ఆడడు.”

సిగ్గుతో చచ్చిపోయాను. మూడు రోజులు కూర్చుని వంపు వంపునా అడుగు గీసి మళ్లీ వెళ్లాను. ఆయన మళ్లీ బోర్లా తిప్పాడు. ఫ్యాను రోదన, పడవ ఆపసోపాలు. “మిషను పాతదన్నా, స్లోగా ఉంది” అని ముందే గొణిగాను. అడుగు పూర్తిగా పైకొచ్చేదాకా ఓపిగ్గా ఆగి, తెరకు అరచేయి ఆనించి ముక్కు నుంచి వెనకదాకా నిమిరాడు.

“నిజం పడవను ఇట్ట బోర్లెయ్యాలంటే మాకు పదిమంది గావాల. ఈ మిషను ఒక్కటే తిప్పతా ఉండాది గదా, నిదానంగానే తిప్పనీ” అని, అచ్చుకు చెక్క కొయ్యమని పనివాళ్లను కేకేశాడు.