ఎడమచేతివాళ్ళ గిటారు

మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎకరం అనే మాట మెల్లగా మాయమై దాని బదులు గజం అనే మాట వినపడటం మొదలైన రోజులవి. పాలు పోయించుకునే దగ్గర, కటింగ్ షాపులో, బస్సు కోసం నిలబడ్డ చోట, ఆఖరికి చావింటి ముందు వేసిన కుర్చీల్లో కూడా అవే ముచ్చట్లు. నిన్నటిదాకా కంది పంట ఉన్న చేలో తెల్లారేసరికి రంగుల జెండాలు పాతేవారు, మొరం రోడ్డు పోసేవారు, దానికి ఏ దేవుడి పేరో పువ్వు పేరో పెట్టి వెంచర్ అనేవారు. వెంచర్ అన్నాక ఓపెనింగ్ ఉండాలి. ఓపెనింగ్ అన్నాక షామియానా, భోజనాలు, లక్కీ డ్రా, అన్నిటికీ తోడు ఒక ఆర్కెస్ట్రా ఉండాలి. ఆ ఆర్కెస్ట్రాలో ఒక మూలన, స్పీకర్ డబ్బా పక్కన, మెరుపుల చొక్కా వేసుకుని గిటారుతో నిలబడ్డ బక్కపలచటి పిల్లగాణ్ణి నేనే. ఊరు ఊరంతా భూములు అమ్ముకుంటుంటే నేను దానికి సంగీతం వాయించేవాణ్ణన్న మాట. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. నాకున్న బెంగ ఒక్కటే, మంచి గిటారు కావాలని.

నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు అన్నం ముందు ఎడమ చెయ్యి లేస్తే చాలు, బాపు "ఓరి డాచెయ్యోడా!" అని నెత్తిన ఒక్కటి మొట్టేవాడు. అలా తినడం, రాయడం కుడిచేతికి మళ్ళాయి గానీ గిటారు మాత్రం మళ్ళలేదు. (అది ఏ చేత్తో పట్టుకోవాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి మొట్టేవాళ్ళు లేకపోయారు.) హాస్టల్లో ఎవడో వదిలేసి పోయిన పాత ఎలక్ట్రిక్ గిటారు నాకు దొరికింది. అందరిలా పట్టుకుంటే కుదరక తిరగేసి పట్టుకున్నాను. అలా పట్టుకుంటే పైనుండాల్సిన లావు తీగ కిందికీ, కిందుండాల్సిన సన్న తీగ పైకీ వస్తాయన్న జ్ఞానం కూడా లేకుండా, చెవితో వెతుక్కుంటూ ఆ తలకిందుల తీగల మీదే అన్నీ నేర్చేసుకున్నాను. మా ఆర్కెస్ట్రా నడిపే మాస్టారు గోదావరి వైపునుంచి వచ్చి హైదరాబాద్ శివార్లలో స్థిరపడిన మనిషి, కీబోర్డు వాయించేవారు. ఆయన నన్ను మొదటిసారి చూసి, "ఏవయ్యా, వాయిస్తున్నావా, గోక్కుంటున్నావా?" అన్నారు. అయినా పెట్టుకున్నారు. గిటారువాడు లేని ఆర్కెస్ట్రాని అప్పట్లో వెంచర్లవాళ్ళు పిలిచేవారు కాదు.

తిరగేసిన ఆ పాత గిటారుతో రెండు బాధలుండేవి. సౌండు పెంచి తగ్గించే గుండీలు కిందికి ఉండాల్సినవి పైకొచ్చి సరిగ్గా నా మోచేతి దగ్గర పడేవి. పాట ఊపందుకునేకొద్దీ చెయ్యి ఊగేది, చెయ్యి ఊగేకొద్దీ గుండీ తిరిగేది, జనం ఈల వేసే చోటికి వచ్చేసరికి నా గిటారు మూగబోయేది. ఇక రెండో బాధ జనరేటరు. దాని దగ్గర్లో నిలబడితే చాలు, నేను ముట్టుకోకపోయినా గిటారు "గీ..." అని మోగుతూనే ఉండేది. వెంచర్ మేనేజరు మైకులో "వంద శాతం క్లియర్ టైటిల్!" అంటుంటే వెనకనుంచి నా గిటారు "గీ..." అనేది. మహేశ్వరం దగ్గర ఒకాయన ప్రసంగం ఆపి, "ఆ ఈగల్ని ఎవరన్నా తోలండయ్యా" అన్నాడు కూడా. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంటికెళ్ళి అన్నం తినలేదు.

ఆ ఏడే మా చేను కూడా పోయింది. యాచారం పోయే దారిలో ఉండేది, ఒక బాయి, దాని కింద రెండు మడుల వరి. అమ్మ ఉన్నన్నాళ్ళూ అమ్మకం మాటే ఎత్తనివ్వలేదు. అమ్మ పోయింది, బాయి ఎండింది, చుట్టూ ఉన్నవాళ్ళంతా అమ్ముకున్నాక మా చేలోకి పోవడానికి దారి కూడా లేకుండా పోయింది. బాపు సంతకం పెట్టి వచ్చాడు. ఆ తర్వాత కూడా తెల్లవారకముందే లేచి, తువ్వాల తలకు చుట్టుకుని, వాకిలి దాటి నాలుగడుగులు వేసి, ఎక్కడికి పోవాలో గుర్తుకు రాక అక్కడే నిలబడిపోయేవాడు. చూడలేక నేను దుప్పటి ముసుగుపెట్టుకునేవాణ్ణి. ఒకరోజు ఆయనే పిలిచి అడిగాడు, "నీకేమన్న గావాల్నారా?" అని.

"గిటార్ గావాలె బాపు."

"ఉన్నది గద?"

"అది మంచిగ లేదు."

బాపు తలకు చుట్టిన తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు. "గంత భూమి వోయింది. దాన్లకెల్లి నీ చేతిలకు ఒక్క సామానన్న రానీ. కొనుక్కో. గని జూసి కొను. ఎద్దును గొన్నట్టు. నడిపిచ్చి జూసి కొను" అన్నాడు. ఆయన అప్పటిదాకా ఒక్కసారి కూడా నేను వాయిస్తుంటే వినలేదు.

సికింద్రాబాద్‌లో ఒక గిటార్ల షాపుకి పోయాను. గోడ నిండా గిటార్లు వేలాడుతున్నాయి. షాపతను నన్ను కిందికీ పైకీ చూసి, "ఏం టైప్ వాయిస్తవ్ భాయ్?" అన్నాడు.

"ఎలక్ట్రిక్."

"అది సమజయింది. రాకా, జాజా, మెటలా? నీ స్టైలేంది?"

నేను నిజాయితీగా ఆలోచించి చెప్పాను. "వెంచర్లు."

అతను మంచివాడు, నవ్వకుండా కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగాడు. ఎంతసేపు నిలబడి వాయిస్తావు? (పొద్దున్నుంచి భోజనాలయ్యేదాకా.) అయితే బరువుండొద్దు. వేళ్ళు పొట్టివా? అయితే మెడ సన్నగుండాలె. జనరేటరు దగ్గర మోత వస్తుందా? అయితే తీగల కింద సౌండు పట్టే పికప్ రెండు చుట్టలున్నది తీసుకో, ఒక చుట్ట మోతను రెండోది మింగేస్తది. నా జీవితంలో నా అవసరాలు అంత శ్రద్ధగా అడిగినవాళ్ళు లేరు. ఎర్రటి గిటారు ఒకటి దించి చేతిలో పెట్టాడు. నేను అలవాటుగా దాన్ని తిరగేశాను. అతను ఉలిక్కిపడ్డాడు. "అరే! నువ్వు లెఫ్ట్‌హ్యాండా? ముందుగాల చెప్పాలె గద! లెఫ్ట్ వాళ్ళ గిటారే వేరే ఉంటది. గుండీలు కిందికొస్తయి, అన్నీ నీ దిక్కే ఉంటయి. షాపుల పెట్టం, ఆర్డర్ ఇస్తే బొంబాయి నుంచి తెప్పిస్త."

మీకు నవ్వులాటగా ఉండొచ్చు గానీ నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో ఎవరో పనిగట్టుకుని కూర్చుని డాచెయ్యోళ్ళ కోసం గిటారు చేస్తున్నారు! మొట్టికాయలు తినీ తినీ పెరిగిన నా కోసం! ఇంక నడిపించి చూడటం లేదు, పళ్ళు లెక్కపెట్టడం లేదు. అక్కడికక్కడే ఆర్డర్ ఇచ్చి, నా పాతదాన్ని ఎక్స్‌చేంజ్ కింద అక్కడే వదిలేసి, ఖాళీ చేతులూపుకుంటూ బస్సెక్కాను.

గిటారు రావడానికీ, మా చేలో లేచిన వెంచర్ ఓపెనింగ్‌కీ ఒకే వారం కుదిరింది. వాయించేది మా ఆర్కెస్ట్రానే. "మీ నాన్నగారికి ముందు వరసలో కుర్చీ వేస్తారటయ్యా, శాలువా కప్పుతారట" అని మాస్టారు చెప్పారు. ఆ రోజు బాపు వింటాడు. వినితీరాలి. పోయిన భూమి ఊరికే పోలేదని, అందులో కొంచెం పాటై నా చేతికొచ్చిందని ఆయనకు తెలియాలి. నాకు అంతకన్నా పెద్ద కోరిక ఆ రోజుల్లో లేదు.

పెట్టె విప్పాను. అబ్బ, ఏం గిటారు! గుండీలు కిందున్నాయి, మోచెయ్యి హాయిగా ఊగుతోంది, మోత లేదు, మెడ నా పొట్టివేళ్ళ కోసం కొలిచి చెక్కినట్టుంది. ఒళ్ళో పెట్టుకుని, నిద్రలో లేపినా వాయించగల పాట ఒకటి మొదలుపెట్టాను. వచ్చింది పాట కాదు. మళ్ళీ వాయించాను. వంటింట్లో సామాన్లు పడ్డ చప్పుడు. అప్పుడు చూశాను తీగలవైపు. లావు తీగ పైనుంది, సన్న తీగ కిందుంది. అంటే ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. గిటారు సరిగ్గానే ఉంది, తప్పుగా ఉన్నది నేను. ఇన్నేళ్ళూ తలకిందులు నేర్చుకున్నవాడికి ఎడమచేతివాళ్ళ గిటారు కూడా కుడిచేతివాళ్ళ గిటారంత పరాయిదేనని ఆ క్షణానికి గానీ తెలియలేదు.

తీగలు విప్పి అటువి ఇటూ ఇటువి అటూ కట్టాను. మెడ పైచివర తీగలు కూర్చునే గాళ్ళుంటాయి, ఏ తీగకు ఆ గాడి. లావు తీగ సన్న గాడిలో పట్టలేదు, సన్న తీగ లావు గాడిలో నిలవలేదు. మళ్ళీ విప్పి షాపునుంచి వచ్చినట్టే కట్టేశాను. షాపుకి ఫోన్ చేస్తే అతను నిట్టూర్చాడు. "నువ్వు లెఫ్ట్ అన్నవ్, లెఫ్ట్ ఇచ్చిన. లెఫ్ట్‌ల గూడ ఉల్టా అని చెప్పలే గద భాయ్." నా పాత గిటారు అప్పటికే ఎవరో కొనుక్కుపోయారట. ఆ వారమంతా పగలూ సాయంత్రమూ కుస్తీ పట్టాను. వేళ్ళు బొబ్బలెక్కాయి తప్ప పాటలు రాలేదు.

మాస్టారికి చెప్పక తప్పలేదు. ఆయన తల పట్టుకుని, తర్వాత తేలిగ్గా తీసేశారు. "నిలబడవయ్యా, చాలు. చొక్కా ఉంది, గిటారుంది, చేతులాడించు. ఎవడు వింటాడు, అందరి ధ్యాసా భోజనాల మీదే కదా."

"మా బాపు వస్తుండు సార్."

మాస్టారు కాసేపు కీబోర్డు గుడ్డతో తుడిచారు. "అయితే ఒక్క పాట నువ్వొక్కడివే వాయించు. ఏది వస్తే అది. మేం ఆగుతాం" అన్నారు. నాకొచ్చింది ఒక్కటే. నాట్లప్పుడు ఆడవాళ్ళు వంగి పాడే పాట. అమ్మ ముందు ఎత్తుకునేది, మిగతావాళ్ళు అందుకునేవారు. అమ్మ మీద ప్రేమతో ఎంచుకున్నానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ అసలు కారణం అది కాదు. ఆ పాట ఒకే తీగ మీద, ఒక వేలితో పోతుంది.

ఓపెనింగ్ రోజు ఎండ మండిపోతోంది. సిటీ నుంచి వ్యాన్లలో జనాన్ని తెచ్చారు. మేనేజరు "ఈ బంగారు భూమిని మనకందించిన రైతన్న" అని చప్పట్లు కొట్టించి బాపుకి శాలువా కప్పాడు. బాపు తెల్లచొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎవరింట్లోనో కూర్చున్నట్టు. స్టేజీవైపు కాకుండా తన కాళ్ళ కింద నేలవైపే చూస్తున్నాడు. మాస్టారు నాకు సైగ చేశారు. వాయించాను. దేవుడా, దాన్ని వాయించడం అంటారా! ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య వేలు దారి వెతుక్కునేది. దొరికిన స్వరం కూడా సగంసార్లు పక్కింటిది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత ఎవరో "టెస్టింగ్ అయినంక పాట వెట్టుండ్రి" అని అరిచారు. నేను తలెత్తి బాపువైపు చూశాను. అప్పుడే ఆయన లేచాడు. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి, ఎవరివైపూ చూడకుండా, జెండాల మధ్యనుంచి వెనక్కి నడిచిపోయాడు. నా పాట ఇంకా సగం కూడా కాలేదు. మిగతా సగం ఎలా వాయించానో నాకు తెలియదు. మాస్టారు పుణ్యమా అని వెంటనే ఒక హుషారు పాట అందుకున్నారు, జనం నన్ను మరచిపోయారు.

గిటారు స్టేజీ మీదే వదిలి పరుగెత్తాను. బాపు బాయి దగ్గర నిలబడి ఉన్నాడు. బాయి అంటే బాయి కాదు, దాన్ని మట్టితో పూడ్చి చదును చేసి "పార్కు" అని బోర్డు పెట్టారు.

"బాపు, అన్నం దినవా?" అన్నాను, ఏమనాలో తెలియక.

"తింట తియ్."

"మంచిగ రాలే బాపు. కొత్త గిటార్. చెయ్యి దిరుగుతలేదు."

"మొదలు మైకు ఖరాబైందనుకున్న" అన్నాడు బాపు.

"గంత ఖరాబున్నదా?"

"మస్తు ఖరాబున్నది." ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కాలితో ఆ మట్టిని కాస్త కదిపి అన్నాడు. "గని పాట గుర్తువట్టిన. మీ అమ్మది. గా గట్టు మీద నిలవడి ఎత్తుకునేది." గట్టు ఉండాల్సిన చోట సిమెంటు రాయి ఉంది. "యాడన్న వాయించు కొడుకా, ఈడ వాయించకు. ఇన్నంక గా కుర్చీల కూసోబుద్ధి గాలే."

ఇద్దరం అక్కడే నిలబడ్డాం. దూరంగా మైకులో లక్కీ డ్రా నంబర్లు చదువుతున్నారు.

తర్వాత ఒక రిపేరు ఆయన పైన గాళ్ళు మార్చి ఇచ్చాడు, తీగలు నా పద్ధతిలో తలకిందులుగా కట్టుకున్నాను, గిటారు దారికొచ్చింది. వాయించడం కూడా వచ్చింది. కొన్నాళ్ళకు డీజేలు వచ్చి ఆర్కెస్ట్రాలు పోయాయి, నేను ఇక్కడే ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసులో కుదురుకున్నాను. బాపు ముందు ఇంట్లో ఎన్నోసార్లు వాయించాను, ఒక్క తప్పు లేకుండా. "మంచిగున్నది" అనేవాడు, అని టీవీవైపు తిరిగేవాడు. ఇప్పుడు ఆయనా లేడు. కాలేజీ వార్షికోత్సవం రోజు పిల్లలు బలవంతాన స్టేజీ ఎక్కిస్తారు, సారు ఉల్టా వాయిస్తాడని ఫోన్లలో తీసుకుంటారు. సగం పాటలో ముందు వరసలోంచి ఎవరైనా లేస్తే ఈ వయసులో కూడా నా వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఏ పాట తగిలిందో, ఎక్కడ తగిలిందో అనుకుంటాను, వెర్రివాణ్ణి. వాళ్ళు మెట్లు దిగి గేటువైపు పరుగెత్తుతారు. సిటీకి పోయే ఆఖరి కాలేజీ బస్సు ఆ టైముకే బయల్దేరుతుంది.