మూడో గట్టు మీది పెట్టె

రెండువేల దశకం మధ్యలో భీమవరం అవతల చేపల చెరువుల మీద ఒక ప్రాజెక్టు చేశాను. నాలుగు గట్ల మీద నాలుగు చిన్న పెట్టెలు. ఒక్కొక్కటి నీళ్లలో ఆక్సిజన్ కొలిచి, వైరు లేకుండా రేడియో ద్వారా షెడ్డులోని కంప్యూటర్‌కి కబురు పంపాలి. ఆ రేడియోని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాం నేనే రాశాను. దాని మీద ఈగ వాలనిచ్చేవాణ్ణి కాదు.

మూడో గట్టు పెట్టె మాత్రం రోజూ ఏదో ఒక పూట మూగబోయేది. నాలుగో పెట్టె కబురు కూడా దాని మీదుగానే రావాలి కాబట్టి అదీ ఆగిపోయేది. గంటో, రెండు గంటలో పోయాక మళ్లీ రెండూ పలికేవి. ప్రోగ్రాంలో తప్పుంటే దానంతటదే ఎలా బాగవుతుంది? ఎవరో చెయ్యి పెడుతున్నారని నాకు అనుమానం పట్టుకుంది.

వెళ్లి చూస్తే మూత మీద బురద వేలిముద్రలు. ఆ గట్టు మీద పాకలో ఉండే కాపలా మనిషి దగ్గర చిన్న ట్రాన్సిస్టర్ ఉంది. మా పెట్టెలో సెల్లులే దానికీ పడతాయి. ఇంకేం కావాలి నాకు? సెల్లుల మీద పెన్నుతో గుర్తులు పెట్టాను. మర్నాడు అవే సెల్లులున్నాయి, వరస మాత్రం మారింది. పాటలు వినేసి మళ్లీ పెట్టేస్తున్నాడని తేల్చేశాను.

"పెట్టె తెరిచావా?" అని గద్దించాను.

"ఆయ్, తెరిచానండి. దాని మీద ఎర్రలైటు ఆరిపోతే సెల్లులు తీసి తుడిచి పెడతన్నానండి. మళ్లీ ఎలుగుతందండి."

మా వైపు టార్చి ఆరిపోతే అందరూ చేసేదే అది. సెల్లులు తీసి లుంగీకి రుద్ది మళ్లీ వేస్తారు. నాకు నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. తుడిస్తే సాఫ్ట్‌వేర్ బాగవుతుందా? సెల్లులు దొంగిలిస్తున్నాడని నేరుగా చెరువు యజమానికి చెప్పేశాను. సాయంత్రానికల్లా అతన్ని పనిలోంచి తీసేశారు.

మర్నాడు పెట్టె ఆగిపోయింది. ఈసారి ఇక పలకలేదు. దాన్ని షెడ్డుకి తెచ్చి బల్ల మీద పెట్టుకుని, సెల్లులు తీసి వేసి, దానికి రెండు కబుర్లు ఒకేసారి పంపి చూశాను. గుటుక్కుమంది. మొదటిది చదివేలోగా రెండోది వస్తే రేడియోలో కబుర్లు దాచుకునే చోటు నిండిపోతోంది. దాన్ని ఖాళీ చేయమని నా డ్రైవర్‌లో నేను రాయనేలేదు. సెల్లులు తీసి పెడితే తప్ప అది తేరుకోదు.

ప్రోగ్రాంలో నాలుగు లైన్లు చేర్చాను, బాగైంది. యజమాని దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని, అతన్ని మళ్లీ పెట్టుకోమని బతిమాలాను.

"దొంగ అని మీరే కదండీ అన్నారు? ఊళ్లో అందరికీ తెలిసిపోయాక ఇప్పుడెలా పెట్టుకోమంటారండీ?" అన్నాడాయన.

ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే కాపలా మనిషి వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. తప్పు నాదేనని చెప్పాను. అతను చెయ్యి ఆపలేదు.

"మరిప్పుడు ఆ సెల్లులు ఎవరు తుడుత్తున్నారండి?" అని అడిగాడు.

ఇక తుడవక్కర్లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.