పచ్చ బండి ఎడమ చెంప

మద్రాసు జార్జి టౌన్‌లో బోల్టులూ నట్లూ టోకున అమ్మే ఇంట్లో పుట్టిన సింధూరి, కొట్టులో మొదట నేర్చుకున్నది బొట్టు పెట్టడం. పండగ పూట తలుపులు తియ్యగానే వాళ్ళమ్మ రెండు బొటనవేళ్ళూ గంధంలో ముంచి ద్వారబంధానికి రెండు పక్కలా ఒకేసారి అద్దేది. ఒకటి పెట్టి తర్వాత ఇంకొకటి పెడితే ఎగుడుదిగుడవుతాయని ఆమె అనేది. సింధూరికీ ఆ అలవాటే వచ్చింది.

తర్వాత ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చదివింది. ఊరి బయట ఒక పెద్ద కార్ల కంపెనీలో చేరి ఏళ్ళ తరబడి బంపర్లు గీసింది. ఆమె గీసిన బంపర్లు మౌంట్ రోడ్డు మీద ఏ సిగ్నల్ దగ్గర చూసినా కనిపించేవి. కానీ ఒక్క కారునైనా చూపించి ఇది నాదని అనడానికి లేదు. ముప్పై ఐదు దాటాక ఉద్యోగం మానేసి, వ్యాసర్పాడిలో రైల్వే యార్డు గోడనానుకుని ఉన్న రేకుల షెడ్డు అద్దెకు తీసుకుంది.

"కార్లు చేసేదానికి అంతంత కంపెనీలు ఉండాయి కదమ్మే. నువ్వాడ ఏం చేస్తావు?" అన్నాడు వాళ్ళ నాన్న.

"వాళ్ళు చెయ్యంది చేస్తా నాయినా."

వాళ్ళు చెయ్యనిది పచ్చ బండి. షోలవరంలో పాత రన్‌వే మీద కార్ల పందేలు జరిగే రోజుల్లో, ఆమె తాతకు తమ్ముడైన గోపాలయ్య ఒక పాత సెడాన్ ఛాసీ మీద అల్యూమినియం రేకు తట్టించి సొంతానికి చేయించుకున్న రెండు సీట్ల బండి అది. పొడుగాటి ముక్కు, పైన కప్పు లేదు, మడ్‌గార్డులు ముందుకు ఉరకబోయే కుక్క భుజాల్లా లేచి ఉంటాయి. అలాంటిది ఇంకొకటి లేదు. విదేశాల్లో కొన్ని చిన్న కంపెనీలు పాత స్పోర్ట్స్ కార్ల రూపం ఉంచి, లోపల ఇప్పటి ఇంజనూ బ్రేకులూ పెట్టి కొత్తగా చేస్తున్నాయి. ఆ పని మన ఊరి బండితో చెయ్యాలని సింధూరి పట్టుదల.

ఎనభై దాటిన గోపాలయ్య పెద్దగా ఆలోచించలేదు. "చేసుకో. లోపల ఏమన్నా పెట్టుకో. దాని మొగం మాత్రం చెడగొట్టొద్దు" అన్నాడు.

బండి జార్జి టౌన్ గోదాములో రేకు కట్టల మధ్య, కుడిపక్క గోడకు ఆనించి ఉంది. టైర్లు ఎప్పుడో చచ్చిపోయాయి. దాన్ని కదిలించడానికి ఒక రోజు పని, నలుగురు మనుషులు కావాలి. సింధూరి ఆ శ్రమ పెట్టుకోలేదు. స్కానర్‌తో ఎడమపక్క మొత్తం కొలిచి, కంప్యూటర్‌లో దాన్నే అద్దంలో బొమ్మలా తిప్పి కుడిపక్క తయారుచేసింది. కంపెనీలో రోజూ చేసిన పనే. అక్కడ ఏ కారునైనా సగమే గీసేవాళ్ళు. రెండో సగం కంప్యూటర్ ఇచ్చేది.

ఆ కొలతలతో గట్టి ఫోమ్ దిమ్మెలు చెక్కి బండి ఆకారంలో మూస చేశారు. మూస మీద ఫైబర్ అచ్చు తీశారు. అచ్చులోంచి మొదటి బాడీ వచ్చింది. ఫైబర్ పని గోవిందసామిది. పడవలు చేసే చోట పని నేర్చుకున్న తమిళుడు, తెలుగు కొట్ల మధ్య పెరిగి తెలుగూ మాట్లాడతాడు. ఛాసీ, ఇంజను మధుసూదన్ చూసుకున్నాడు. కాకినాడ నుంచి వచ్చి, సింధూరితో పాటే కంపెనీ వదిలి ఈ షెడ్డులో భాగస్థుడైనవాడు. ట్రాక్ మీద మాత్రమే నడిపే ఆ మొదటి బండిని కోయంబత్తూరు నుంచి కార్తీ అనే ఆయన తనకు కావాలని ముందే చెప్పిపెట్టుకున్నాడు. జనవరిలో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో పాత బండ్లవాళ్ళు కలిసే రోజున దాన్ని నడపాలని ఆయన కోరిక. ఆ రోజు దాన్ని చూస్తే ఇంకో నలుగురు అడుగుతారని షెడ్డులో అందరి ఆశ.

బాడీ బయటికి వచ్చినప్పటి నుంచీ సింధూరికి మనసులో ఏదో అడ్డం పడుతూనే ఉంది. హెడ్‌లైట్లు పెద్దవయ్యాయనుకుని మార్పించింది. ముందు టైర్లు మార్పించింది. బండి మొహం కుదుటపడలేదు.

ఆయుధ పూజ నాడు తన బండికి కూడా పూజ జరగాలని గోపాలయ్య పట్టుపట్టాడు. దాన్ని నలుగురు మనుషులతో గోదాములోంచి లాగించి, వ్యాను మీద వ్యాసర్పాడికి తెప్పించాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబడటం అదే మొదలు. గ్రైండరు, సుత్తులు, రసమట్టం, కొలత టేపు, స్కానరు అన్నీ సరస్వతి పటం ముందు చేరాయి. గోవిందసామి వాటి మీద బంతిపూలు పరిచాడు.

కుర్చీలో కూర్చుని మరమరాలూ పుట్నాలూ నములుతున్న గోపాలయ్య కొత్త బండి వైపు చాలాసేపు చూశాడు.

"ఏందమ్మే, ఇది గవదబిళ్ళలు లేచిన పిలకాయ మాదిరి ఉండాది."

మధుసూదన్ పకపకా నవ్వాడు. సింధూరి నవ్వలేదు. గంధం గిన్నె తీసుకుని ముందు పాత బండికి ఎదురుగా నిలబడింది. రెండు బొటనవేళ్ళూ ముంచి, రెండు అరచేతులనూ హెడ్‌లైట్ల నుంచి మడ్‌గార్డుల మీదుగా పైకి జరిపింది, ఎత్తయిన చోట బొట్టు పెట్టడానికి. కుడిచెయ్యి శిఖరానికి చేరి ఆగింది. ఎడమచెయ్యి ఇంకా ఎక్కుతోంది.

అదీ పైకి చేరాక ఆమె బొట్లు అద్ది, చేతులు తీసి చూసింది. రెండు బొట్లూ ఒక వరసలో లేవు. తన కుడిచేతి కిందది బండికి ఎడమపక్క. ఆ మడ్‌గార్డు ముందుకు జరిగి, బొద్దుగా ఉబ్బి ఉంది. కుడి మడ్‌గార్డు సన్నగా, నిదానంగా లేచింది.

ఆమె టేపు కోసం పటం వైపు చెయ్యి చాచింది.

"పూజలో పెట్టింది రేపటి దాకా తాకకూడదు మా" అన్నాడు గోవిందసామి, మెల్లగా, దారికి అడ్డం వచ్చి.

సింధూరి చెయ్యి వెనక్కి తీసుకుంది. పూలదండ కట్టగా మిగిలిన అరటినార ఒకటి నేల మీద నుంచి తీసుకుంది. బానెట్ మధ్య గీత నుంచి కుడి మడ్‌గార్డు అంచు దాకా నార పరిచి, గోరుతో గుర్తు నొక్కింది. అదే నారను ఎడమవైపు పరిచింది. గుర్తు అంచుకు రెండు వేళ్ళ ఇవతలే ఆగింది. కొత్త బండి మీద పరిచింది. అక్కడ రెండు పక్కలా చాలలేదు.

"తాతా, నీ బండికి ఎడమపక్క ఎప్పుడన్నా దెబ్బ తగిలిందా?"

"తగలకుండా ఎట్ట? షోలవరం మలుపులో ఆనవాలుకు పెట్టిన తారు డ్రమ్ములకు పెట్టి కొట్టినా. మళ్ళా వారమే రేసు. పుదుపేటలో ఒకడు రాత్రింబగళ్ళు తట్టి కొత్త రేకు పెట్టినాడు. చెంప కొంచెం బలిసింది. బండి బాగా పరిగెత్తింది, నేనూ ఊరుకున్నా."

"నాకు చెప్పలేదే."

"నువ్వడిగితే కదా. ఆ లైటు పెట్టె పట్టుకోనొచ్చి బండిని అడిగినావు. నన్నెవురడిగినారు?" అని ఆయన ఇంకో గుప్పెడు మరమరాలు నోట్లో పోసుకున్నాడు.

ఒక పక్క ఉబ్బితే అరవై ఏళ్ళుగా ఎవరి కంటా పడలేదు. తాను దాన్ని రెండో పక్కకూ అంటించింది. సింధూరి నారను వేలికి చుట్టుకుంటూ, "అచ్చు కొయ్యాల" అంది.

మధుసూదన్ మొహంలో నవ్వు పోయింది. ఆమెను షెడ్డు గుమ్మం దాకా తీసుకెళ్ళాడు.

"సింధూరి గారూ, మూస మళ్ళీ చెక్కి, మళ్ళీ అచ్చు తీసేసరికి జనవరి వెళ్ళిపోద్దండి. కార్తీ గారు ఆగరు. రెండు వేళ్ళ తేడా ఎవరు చూస్తారండీ? అయినా మనం చేసేది నకలు కాదు, కొత్త బండి అని మీరే కదండీ అన్నారు. ఇదీ ఒక మార్పే అనుకోండి."

ఆ మాటలో న్యాయం ఉంది. అయినా సింధూరి తల అడ్డంగా ఊపింది.

"ఇంజను మార్చినాము, బ్రేకులు మార్చినాము, సీటు వెనక్కి జరిపినాము. అన్నీ తెలిసి మార్చినాము మధూ. ఇది తెలియక మారింది. ఎవురో ఆదరాబాదరాగా వేసిన అతుకును తీసుకోనొచ్చి రెండు పక్కలా పెట్టి, ఇదే ఆ బండి మొగం అని నేను చెప్పలేను."

"మరి కార్తీ గారికి ఏం చెబుతారు?"

ఆమె అక్కడే ఫోను తీసింది. అరవంలో నాలుగు ముక్కల్లో చెప్పింది: జనవరికి బండి రాదు, కొలతలో తప్పు జరిగింది, చేసింది నేనే. కార్తీ మర్యాదగానే చెప్పాడు, ఆ రోజు కోసమే కావాలనుకున్నానని, అయితే ఇంకోటి చూసుకుంటానని. సింధూరి సరేనంది. ఫోను జేబులో పెట్టి, గంధం గిన్నె మళ్ళీ తీసుకుని, కొత్త బండికి బొట్లు పెట్టడానికి వెళ్ళింది.

మర్నాడు విజయదశమి. గోవిందసామి పునఃపూజ చేసి హారతి ఇచ్చి పూలు తీసేశాడు. సింధూరి కళ్ళద్దాలు తగిలించుకుని గ్రైండరు అందుకుంది. అచ్చు ఎడమ మడ్‌గార్డు దగ్గర మొదలుపెట్టింది. తెల్లటి ఫైబర్ దుమ్ము లేచింది. కోత సగం దాకా వచ్చేసరికి అచ్చు అంచు ఊగడం మొదలుపెట్టింది. ఎవరో అవతలి పక్క పట్టుకున్నారు. దుమ్ము తగ్గాక చూస్తే మధుసూదన్. ఆమె కొయ్యడం కొనసాగించింది.

ఈసారి స్కానరుతో పాటు గోపాలయ్యనూ కూర్చోబెట్టుకుంది. రేకు ఎక్కడ తట్టించాడో, గుంటలు పూడ్చడానికి ఎక్కడ సీసం పోయించాడో అడిగింది. కుడిపక్కను కొలిచి ఎడమకు తిప్పింది. కొత్త మూస తయారయ్యాక కంప్యూటర్ తెర ఆర్పేసి, కళ్ళు మూసుకుని రెండు అరచేతులూ దాని మీద జరిపింది. తర్వాతే అచ్చు తియ్యనిచ్చింది.

జనవరిలో ఇరుంగాట్టుకోట్టైకి సింధూరీ మధుసూదనూ బండి లేకుండా వెళ్ళారు. కార్తీ ఎవరిదో ఎర్ర బండి నడిపాడు. ఇద్దరూ సాయంత్రం దాకా గ్యాలరీలో కూర్చుని, వచ్చేటప్పుడు దారిలో బ్రేకుల గురించి మాట్లాడుకున్నారు.

మార్చి ఎండల్లో బండి పూర్తయింది. అడిగినవాళ్ళు ఇంకా ఎవరూ లేరు. ఆ పొద్దున గోపాలయ్య ఆటోలో దిగాడు. తిన్నగా బండి ముందుకొచ్చి నిలబడ్డాడు. రెండు అరచేతులూ హెడ్‌లైట్ల మీద పెట్టి, మడ్‌గార్డుల మీదుగా పైకి జరిపాడు. రెండు చేతులూ ఒకేచోట ఆగాయి. ఆయన వాటిని అక్కడే కాసేపు ఉంచాడు.

"తాళం ఏడ?" అన్నాడు.

"లైసెన్సు ఉండాదా తాతా?"

"షోలవరంలో ఎవురడిగినారు?"

"ఈ గేటు దాటకూడదు మరి."

ఆయన ఒప్పుకున్నట్టు తల ఊపి, తలుపు మీదుగా కాలు వెయ్యడానికి మధుసూదన్ భుజం పట్టుకున్నాడు. గోవిందసామి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. సింధూరి ఆయన చేతిలో తాళం పెట్టి, చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చుంది.