తోళ్ల పద్దు

మా ఊరి మునిసిపాలిటీని నేను ఈ వయసులోనూ తిడతాను. తిట్టినప్పుడల్లా మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు పాకెట్ పాలు తాగి పెరిగారు.

అరవైల మొదట్లో మాకున్నది ఒక్క బర్రె. బాపు లేడు. ఎడపల్లి చెరుకు బండ్లు పోయే రోడ్డు పక్కనే మా ఇల్లు. అవ్వ, అంటే మా అమ్మ, రెండు పూటలా పాలు పిండి వాడకట్టులో పోస్తేనే మా ఇద్దరికీ కూడు. బర్రె ఈనిన ఎనిమిదో రోజున, గుంజకు కట్టేసి ఉన్నదాన్ని దుడ్డెతో సహా విప్పుకుపోయి బందెలదొడ్డిలో పెట్టారు. తప్పిపోయి తిరిగే పశువులను పెట్టే దొడ్డి అది. అక్కడ దండుగలు వసూలు చేసుకునే హక్కును మునిసిపాలిటీ ఏటా హర్రాజు వేసేది. ఆ ఏడు గుత్తేదారు పోటీకి పోయి ఎక్కువ పాట పాడాడు. పాడిన డబ్బు తిరిగి రావాలంటే ఊళ్లో పశువులు తప్పిపోవాలి. అవి తప్పిపోకపోతే వాడి మనుషులే తప్పించేవారు.

"గుంజకున్న బర్రెను ఎట్ల తోలుకొస్తవే అన్నా?" అని అవ్వ దొడ్డి కాపలావాడిని అడిగింది.

"రోడ్డు మీద దొరికిందని రాసినం. దండుగ గట్టు, మేత పైసలు గట్టు, తోలుకపో."

మేత అంటే అక్కడ ఒక్క పరక లేదు. తొట్టిలో నీళ్లు లేవు. ఉన్న పాలు ఆ దొంగముండాకొడుకే పిండి హోటలుకు అమ్ముకున్నాడు, దుడ్డెకు చుక్క వదలలేదు. అవ్వ వాళ్లనూ వీళ్లనూ బతిమాలి డబ్బు తెచ్చేసరికి మూడో రోజైంది. కట్టి లోపలికి పోతే గోడ పక్కన దుడ్డె చచ్చిపడి ఉంది.

అవ్వ ఏడవలేదు. తోలు అడిగింది. దుడ్డె చస్తే దాని తోలులో గడ్డి కూరి, ఉప్పు చల్లి బర్రె ముందు నిలబెడతారు. బర్రె దాన్ని నాకుతూ పాలు చేపుతుంది. అది లేకుంటే పొదుగు ముట్టనివ్వదు.

"తోలు మాది గాదు. సచ్చిన పశువుల తోళ్లది వేరే హర్రాజు. ఆ గుత్తేదారునడుగు," అన్నాడు కాపలావాడు.

ఆ గుత్తేదారు ధర చెప్పాడు. అవ్వ కొంగుముడిలో అప్పటికి పైసా లేదు.

బర్రె మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు. అవ్వ తవుడు పెట్టింది, మెడ నిమిరింది, చివరికి నన్ను దాని ముందు వంగబెట్టి నా వీపుకు ఉప్పు రాసింది. అది వాసన చూసి మొహం తిప్పుకుని గిన్నెను తన్నేసింది. నెల తిరక్కుండానే ఒట్టిపోయింది. అంగడిలో ఒక మరాఠీ బేరగాడు అడిగినంతకే ఇచ్చేసి, అవ్వ చెరుకు నరకడానికి కూలికి పోయింది.

ఏడాది తిరిగాక మునిసిపాలిటీ జమాఖర్చులు ఆఫీసు గోడకు అంటించారు. అవ్వ నన్ను తీసుకుపోయి చదవమంది. రాబడి కింద బందెలదొడ్డి హర్రాజు, తోళ్ల హర్రాజు. ఖర్చు కింద దొడ్డి నీళ్లతొట్టి మరమ్మతు. అన్నిటికీ కింద పెద్ద అక్షరాలతో మిగులు. తొట్టి మాట అవ్వ నాతో మూడుసార్లు చదివించింది.

అప్పుడే లోపలి నుంచి ఒక ముసలి గుమాస్తా వచ్చాడు.

"సారూ, మీ దొడ్డిల మా దుడ్డె సచ్చింది. గిండ్ల ఏడ రాసిండ్రు?" అని అవ్వ అడిగింది.

అతను కసురుకోలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, వంగి, నిజంగానే వెతికాడు. తోళ్ల పద్దు మీద వేలు పెట్టాడు.

"ఇగో అమ్మా, గిండ్లనే ఉన్నది. రాబడిల వచ్చింది. ఏం నష్టం గాలే."

అలవాటు కొద్దీ అవ్వ అతనికి దండం పెట్టబోయింది. నేను ఆ చేతులు రెండూ పట్టుకుని కిందికి లాగేశాను.